పార్కు ఫేసింగు ఫ్లాటు

వీరవెంకటసత్యనారాయణ గారిని పూర్తి పేరుతో పిలిచేవాడు ఎర్రమంజిల్ ఆఫీసులో ఒక్కడే ఉండేవాడు. అతను ఆ పేరు మొదలుపెట్టి ముగించేలోగా బయట స్టాపులోకి బస్సు రావడం, నిండడం, కదిలి వెళ్ళిపోవడం కూడా అయిపోయేవట. అందుకని మిగతావాళ్ళంతా సత్యంగారు అనేవారు. ఆయన ఉద్యోగమంతా గవర్నమెంటు క్వార్టరులోనే గడిచింది. ఆ క్వార్టరు కిటికీ తీస్తే ఎదురింటివాళ్ళ దండెం కనిపించేది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడ నిలబడితే ఎదురింటాయన చారల డ్రాయరు గాలికి వంగి వంగి నమస్కారం పెట్టేది. అది చూసీ చూసీ సత్యంగారికి జన్మలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. రిటైరయ్యాక, పచ్చటి చెట్టు కనబడే బాల్కనీలో, భార్య కమలకుమారిని పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ తాగాలి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పోయే రోడ్డుకు వెనక సందులో ఫ్లాటు చూపించినప్పుడు బిల్డరు ఎక్కువ మాట్లాడలేదు. "పార్కు ఫేసింగ్ సార్!" అన్నాడు, అంతే. సత్యంగారు ఇంకేమీ అడగలేదు. నీళ్ళొస్తాయా, లిఫ్టు నడుస్తుందా, పైన ఎవరుంటారు, ఏమీ అడగలేదు. మొదటి అంతస్తు. బాల్కనీ కింద సన్నటి సందు, సందుకు అవతల పార్కు గోడ, గోడ మీంచి తొంగిచూసే కానుగ చెట్టు. ఆయన ఆ చెట్టును చూసి అక్కడికక్కడే సరేననేశారు. ఆ రోజు ఊళ్ళో బందు. కొట్లు లేవు, బస్సులు లేవు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు అసలే లేవు. గోడ పొడిగా ఉంది. బందు రోజున అమీర్‌పేటలో ఇల్లు కొన్నవాడు భూమ్మీద ఆయనొక్కడే అయివుంటాడు.

గృహప్రవేశం అయిన మర్నాడు కాఫీ గ్లాసుతో బాల్కనీ తలుపు తీశారు. ఒళ్ళు ఇంకా గడప దాటలేదు గాని ముక్కు మాత్రం వెనక్కి తిరిగి వంటింటిదాకా పారిపోయింది.

రాష్ట్రంలో డిగ్రీ పాసైన ప్రతి కుర్రాడూ జావా, ఒరాకిల్ అంటూ అమీర్‌పేటలో దిగిపడుతున్న రోజులవి. ఒక్కో ఇన్‌స్టిట్యూటు హాల్లో పెళ్ళి పందిరంత జనం. ఉన్న ఒక్క బాత్రూమూ స్టాఫుకు. మరి ఇంతమందీ ఎక్కడికి పోతారు? సత్యంగారి సందులోకి. చంకలో పుస్తకాలు, మెళ్ళో ఐడీ కార్డులు, పార్కు గోడకేసి వరసగా నిలబడి, రేషను షాపు దగ్గర కూడా లేని క్రమశిక్షణతో. ఒకడు వెనక్కి జరగ్గానే ఇంకొకడు ముందుకు. గోడకు అడుగున పచ్చటి పాచి, పాచి మీద తెల్లటి ఉప్పు, ఉప్పు మీద ఎర్రటి పాన్ ఉమ్ములు. అటు చూసిన కంటిని కడుక్కోవాలనిపించేది. ఎండెక్కితే ఆ వాసన మెట్లెక్కి వచ్చి కాలింగ్ బెల్ కొట్టేది. తలుపు సందులోంచి దూరి పాలు విరిచేది. ఒక కాకి ఆ గోడ మీద వాలిందట. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, ఎగరడానికి ఓపిక లేక, ఖైరతాబాద్ దాకా నడుచుకుంటూ పోయిందని పార్కు తోటమాలి సాయిలు ఒట్టేసి చెప్పాడు.

"గా కాకి ఇప్పటిదాంక మళ్ళ రాలే సార్" అన్నాడు.

"కాకి సంగతి సరే, నా సంగతేంటి?" అన్నారు సత్యంగారు. "నువ్వు తోటమాలివి కదా, ఒక్కసారైనా అదిలించవేం?"

"ఎవలకని చెప్పాలె సార్? ఒక్కన్ని ఎల్లగొడితె ఇంకొకడు నిలవడ్తడు. జర ఆగమంటె ఆగే ముచ్చటనా ఇది?"

ఇంట్లో కమలకుమారి అంత తేలిగ్గా తీసుకోలేదు. ఆవిడ బాల్కనీ తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, సందుల్లో పాత చీర ముక్కలు కుక్కింది. అన్నం తింటూ తింటూ చెయ్యి కడిగేసుకునేది.

"ఏవండీ, ఉగాది నాటికి ఆ తలుపు తీసుకుని నేను బాల్కనీలో కుర్చీ వేసుకు కూర్చోగలిగానా, సరే. లేదా ఈ ఫ్లాటు అమ్మేసి మాసబ్ ట్యాంక్‌లో మా చెల్లెలు ఛాయాదేవి ఇంటి పక్కన ఏదైనా కొంప చూడండి. చెట్లూ వద్దు, చేమలూ వద్దు. ఎదురుగా దండెం ఉన్నా నాకు ఫరవాలేదు."

దండెం అన్న మాట వినగానే సత్యంగారి గుండెలో చారల డ్రాయరు రెపరెపలాడింది. ఆయన నడుం బిగించారు.

ముందు గోడ మీద ఎర్రరంగుతో రాయించారు: 'ఇచ్చట మూత్రము పోయరాదు.' దానివల్ల జరిగింది ఏమిటంటే, అంతవరకు ఆ చోటు తెలియక వీధులన్నీ తిరిగే కొత్త కుర్రాళ్ళు ఇప్పుడు బోర్డు చూసి నేరుగా రావడం మొదలుపెట్టారు.

"దేవుని టైల్సు వెట్టియ్యున్రి సార్. పోలీసోనికి భయపడరు గని దేవునికి భయపడ్తరు" అని సాయిలే సలహా ఇచ్చాడు.

మన ఊళ్ళో ఇది పాత వైద్యమే. మెట్ల మూల ఎవరైనా ఉమ్మితే అక్కడొక దేవుడు, గోడ తడిస్తే అక్కడొక దేవుడు. పాపం దేవుళ్ళకు మనం ఇచ్చిన ఉద్యోగం అది. పంజాగుట్టలో టైల్సు కొట్టువాడు సత్యంగారి మొహం చూడగానే గ్రహించాడు. "గోడకా సార్? వెంకన్న, ఆంజనేయుడు, ఏసు, మసీదు, అన్నీ కలిపి సెట్టుంది. ఒక్కో దేవుణ్ణి విడిగా తీసుకుంటే ఆ దేవుడికి భయపడనివాడు వస్తాడు. సెట్టయితే ఎవడూ మిగలడు" అన్నాడు. సత్యంగారు సెట్టే తెచ్చి, గోడ కడిగించి, దగ్గరుండి అతికించారు.

అతికించిన రోజు మధ్యాహ్నం తేజ అనే తణుకు కుర్రాడు అలవాటు చొప్పున వచ్చి, గోడముందు నిలబడి, ఎదురుగా చూస్తే ఆంజనేయస్వామి. హడలిపోయాడు. గబగబా లెంపలు వాయించుకుని, "తప్పయిపోయింది స్వామీ" అని, వచ్చిన పని మర్చిపోయి పరుగెత్తాడు. సత్యంగారు తలుపు అద్దంలోంచి అది చూసి భార్యను కేకేశారు. "చూశావా కమలం! పారిపోయాడు!"

ఆ సాయంత్రమే తేజకు హైటెక్ సిటీలోని ఏదో కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చిందని ఫోను వచ్చింది.

తెల్లారేసరికి హాస్టళ్ళన్నిటికీ తెలిసిపోయింది. మొదట ఇద్దరొచ్చారు, కొబ్బరికాయతో. ఆ తర్వాత సందు నిండింది. వచ్చిన ప్రతివాడూ ఆంజనేయస్వామి ముందు నిలబడి టపటపా లెంపలు వాయించుకోవాలి. ఎందుకంటే తేజ వాయించుకున్నాడు. ఆ పైన ప్రదక్షిణం చెయ్యాలి. గోడకు ప్రదక్షిణం ఎలా చేస్తారు? పార్కు చుట్టూ తిరగాలి. రోడ్డు వైపు బస్సులు మీదికొస్తాయి గనక గేటులోంచి దూరి వాకింగ్ ట్రాకు పట్టేవారు.

ఆ పార్కు ఏమంత నందనవనమని! నీళ్ళులేని ఫౌంటెన్లో గుట్కా పొట్లాలు, చెత్త కోసం నోరు తెరుచుకున్న సిమెంటు కుందేలు, దాని నోట్లో తప్ప చుట్టూరా చెత్త, బెంచీల కింద కొరికేసిన మొక్కజొన్న కండెలు. గేటు దగ్గర కాకరకాయ రసం తాగి, అక్కడే గరగరలాడించి ఉమ్మే షుగరు పేషెంట్లు. వాళ్ళ మధ్యలోంచి ఇప్పుడు కుర్రాళ్ళ దండు, కళ్ళు సగం మూసుకుని, పెదాలు కదుపుతూ. అది హనుమాన్ చాలీసానో, ఇంటర్వ్యూ ప్రశ్నలో చెప్పలేం. ప్రదక్షిణ ధాటికి మెల్లగా నడిచే ముసలాయన ఒకడు ఎత్తుకుపోబడి, తనకు అక్కరలేని చుట్లన్నీ తిరిగి, చివరకు ఆయనకు కూడా ఉద్యోగం వచ్చిందని చెప్పుకున్నారు.

సాయిలు చీపురు పక్కన పడేసి చెప్పుల స్టాండు పెట్టాడు. అతని భార్య లచ్చమ్మ కొబ్బరికాయలు, పూలు అమ్మసాగింది. గోడకింద కొబ్బరినీళ్ళు పులిసి బుడగలు కట్టేవి. అరటితొక్కలు నల్లగా కుళ్ళి, దీపాల నూనె కారి, ఈగలు ముసిరి, పందికొక్కులు పట్టపగలే వచ్చి ప్రసాదం తినేవి. అవి ఎంత బలిశాయంటే వాటిని చూసి పిల్లులు సందు చివరే ఆగి, దండం పెట్టి వెళ్ళిపోయేవి.

ఇదంతా ఒక ఎత్తు. గంటల తరబడి క్యూలో నిలబడ్డ భక్తులకు మధ్యలో అవసరం వస్తే? దేవుడి గోడ మీద చెయ్యకూడదు. అందుకని భక్తిగా దేవుడికి వీపు తిప్పి, సందుకు ఇవతల, సత్యంగారి బాల్కనీ కింది గోడ మీద కానిచ్చేవారు. ఇదివరకు సందు అవతల ఉన్న కంపు ఇప్పుడు సందు దాటి ఇంటికే వచ్చింది.

"ఇదేంటి సాయిలూ? దీనికా నేను దేవుళ్ళను తెచ్చింది?" అన్నారు సత్యంగారు కిందికి దిగి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని.

"నన్నంటె ఏమొస్తది సార్? మీరే గద వెట్టింది. మంచి టైమ్‌ల వెట్టిన్రు, మస్తు నడుస్తుంది. మీ పేరే చెప్తున్న అందరికి."

"నా పేరు చెప్పకు నాయనా, నీకు పుణ్యముంటుంది. పోనీ ఆ టైల్సు తీసేద్దామా?"

సాయిలు చెవులు మూసుకున్నాడు. "అట్లనకున్రి సార్. పోరగాండ్లు ఇన్నరంటె మిమ్ముల్నే గోడకు అతికిస్తరు."

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. తీస్తే బక్కపలచటి అమ్మాయి, పుస్తకాల బ్యాగుతో, మొహం ఎర్రగా చేసుకుని నిలబడింది.

"ఆంటీ, నా పేరు నవీన. గీ ఇన్‌స్టిట్యూట్లనే చదువుతున్న. జర మీ బాత్రూమ్ వాడుకుంటనా ఆంటీ? పొద్దుగాల హాస్టల్ల నుంచి ఎల్లిన. ఇన్‌స్టిట్యూట్ల ఉన్న ఒక్కదానికి తాళమేసుకున్నరు."

కమలకుమారి వెంటనే దారి వదిలింది. అమ్మాయి బయటికి వచ్చాక మంచినీళ్ళిచ్చింది. నవీన గ్లాసు వంక చూసి వద్దంది.

"నీళ్ళు తాగుడే బంద్ వెట్టిన ఆంటీ. తాగితె మళ్ళ ఎక్కడికి వోవాలె? మగపోరలకు గోడన్న ఉన్నది. మాకు గది సుత లేదు."

ఆ అమ్మాయి వెళ్ళాక కమలకుమారి ఆ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ గోడకు బోర్డులూ బొమ్మలూ అంటిస్తూ కూర్చున్నారు. వాళ్ళు వెళ్ళడానికి ఒక దొడ్డి కట్టాలని మీకెవరికీ తట్టలేదేవండీ?"

సత్యంగారికి నిజంగానే తట్టలేదు. ఆయన సిగ్గుపడి, ఆ సాయంత్రమే కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు చలపతిరావుగారి దగ్గరికి వెళ్ళారు. చలపతిరావుగారిది గుంటూరు. సన్మానాల శాలువాలు కప్పుకోవడానికి సరిపోయేంత విశాలమైన భుజాలు. రోజూ పార్కులో నవ్వుల క్లబ్బు నడుపుతాడు. ఆయన నవ్వితే కానుగచెట్టు నుంచి ఆకులు రాలేవి, పక్షులు మాత్రం అలవాటుపడిపోయాయి.

ఆదివారం పార్కులోనే మీటింగు పెట్టారు.

"పార్కుకు టాయ్‌లెట్ కావాలా, వద్దా?" అన్నాడు చలపతిరావు.

"కావాలి!" అని చేతులన్నీ లేచాయి.

"ఎక్కడ కడదాం?"

లేచిన చేతులన్నీ దిగిపోయాయి. కాలనీలో పాతకాపు రాజనర్సయ్య లేచి, "మా దిక్కు వద్దు. అది మాకు ఈశాన్యం" అన్నాడు. ఆయన ఎదురింటాయన, "మా వైపు కడితే మా గేటుకు వీధిపోటుతో సమానమండీ" అన్నాడు. ఇంకొకాయన ఏకంగా వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. పండితుడు దిక్సూచి పట్టుకుని పార్కంతా తిరిగి, సిమెంటు కుందేలు నోరు ఆగ్నేయానికి ఉండటం వల్లే కాలనీలో గ్యాసు సిలిండర్లు లేటుగా వస్తున్నాయని ముందు తేల్చాడు. ఆ తర్వాత, అందరి ఇళ్ళకూ దోషం లేని చోటు ఒక్కటే ఉందని వేలు చూపించాడు.

ఆ వేలు సత్యంగారి బాల్కనీ కిందికి పోయింది.

"అదీ మాట! పైగా జనానికి అలవాటైన చోటు కూడానూ" అన్నాడు చలపతిరావు సంతోషంగా.

ఆ బిల్డింగులో పై అంతస్తులన్నీ కుర్రాళ్ళ హాస్టలు. వాళ్ళకు మీటింగులో ఓటు లేదు, ఇన్నాళ్ళకు ముక్కు కూడా పనిచెయ్యడం మానేసింది. ఒంటరిగా మిగిలిన సత్యంగారు భార్యవైపు చూశారు. "ఒప్పుకోండి. ఎలాగూ వచ్చే కంపే. కనీసం తలుపున్న గదిలో ఉంటుంది" అంది కమలకుమారి. ఆయన చెయ్యెత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. బాల్కనీ పోగొట్టుకున్నవాడికి కొట్టినట్టు కాక, దానకర్ణుడికి కొట్టినట్టే కొట్టారు.

టాయ్‌లెట్ లేచింది. లోపలా బయటా నీలం టైల్సు, తలుపుల మీద 'స్త్రీలు', 'పురుషులు', పైన చలపతిరావుగారి పేరు ఆ రెండిటికంటే పెద్ద అక్షరాల్లో. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఫొటోలు తీశారు. కార్లు వెళ్ళిపోగానే చలపతిరావు రెండు తలుపులకూ తాళాలు వేసి, తాళంచెవులు తన గుత్తికి తగిలించుకున్నాడు.

"అదేంటండీ, తాళం వేశారేం?" అన్నారు సత్యంగారు తెల్లబోయి.

"ఉత్తమ కాలనీ పోటీలో పేరిచ్చానండీ. కమిటీవాళ్ళు చూడటానికొస్తారు. ఈలోగా జనాన్ని వాడనిస్తే పాడైపోదూ?"

"వాడటానికే కదండీ కట్టింది?"

"మీరన్నీ మరీ ముక్కుసూటిగా మాట్లాడతారు సత్యంగారూ!" అని చలపతిరావు తన క్లబ్బు నవ్వు నవ్వాడు.

కమిటీ రాలేదు. జనం వచ్చారు. దూరం నుంచి 'పురుషులు' అన్న అక్షరాలు చూసి ఆశగా వచ్చి, తాళం చూసి, ఇంత దూరం వచ్చాక వెనక్కెందుకని ఆ నీలం టైల్సు మీదే కానిచ్చేవారు. గోడ మీద పడింది మట్టిలోకైనా ఇంకేది. టైల్సు మీద పడ్డది జారి, మెరిసి, సందంతా పారి మడుగు కట్టింది. ఆ మడుగులో ఆకాశం కూడా పసుపుపచ్చగా కనిపించేది. 'స్త్రీలు' అన్న తలుపు ముందు కూడా మగవాళ్ళే నిలబడేవారు. నవీన రోజూ మధ్యాహ్నం ఆ మడుగు పక్కనుంచి చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని, గోడకానుకుని నడిచి కమలకుమారి ఇంటికే వచ్చేది. మరో ఇద్దరు అమ్మాయిలను కూడా తెచ్చేది.

ఉగాది వచ్చేసింది.

పొద్దున్నే కమలకుమారి తలంటుపోసుకుని, వేపపూత, కొత్త బెల్లం, మామిడిముక్కలు ముందు పెట్టుకుంది. కలిపిన పచ్చడి నాలుక మీద వేసుకుంటే ఆరు రుచుల్లో ఒక్కటీ తెలియలేదు. బయట కొత్త సంవత్సరం ప్రదక్షిణాలు. కొబ్బరికాయల చప్పుళ్ళు, లెంపల చప్పుళ్ళు. తలుపు సందులోని చీర ముక్కల్లోంచి కంపు బిందెలతో పోసినట్టు దిగుతోంది. సత్యంగారు పంచాంగం చూస్తున్నట్టు నటిస్తూ ఆవిడ మొహంవంకే చూస్తున్నారు.

ఆవిడ లేచింది. వంటింట్లో రాత్రి అంట్లు నానేసిన బక్కెట్టు పట్టుకుంది. చారు నురగ, వంకాయ తొడిమలు, చింతపండు పిప్పి, నాని ఉబ్బిన మెతుకులు తేలుతున్నాయి. చీర ముక్కలు లాగి పారేసి, గొళ్ళెం తీసి, ఆ ఇంట్లో దిగాక మొదటిసారి బాల్కనీలో కాలు పెట్టింది.

"కమలం! ఏం చేస్తున్నావ్?" అని సత్యంగారు వెనకే వచ్చారు.

కింద టాయ్‌లెట్ పక్క గోడకేసి ఎవరో నిలబడి ఉన్నారు. మల్లెపువ్వులాంటి కొత్త లాల్చీ, వెనకనుంచి విశాలమైన భుజాలు. కమలకుమారి ఎవరని చూడలేదు, అడగలేదు. బక్కెట్టు ఎత్తి ఒక్క ఊపున దిమ్మరించింది.

ఆ కేకకు పందికొక్కులన్నీ పార్కు వదిలి మాసబ్ ట్యాంక్ వైపు పరుగెత్తాయి. ప్రదక్షిణాలు ఆగిపోయాయి. నెత్తిన వంకాయ తొడిమతో, చెవిలో చింతపండు పిప్పితో తల పైకెత్తినవాడు చలపతిరావు. నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

"ఏంటమ్మా ఇది? పండగపూట!" అన్నాడు.

"ఆ మాట మేం ఎప్పట్నించో అడుగుతున్నాం" అంది కమలకుమారి.

సత్యంగారికి కోపం రావలసింది. దానికంటే ముందు అనుమానం వచ్చింది. "చలపతిరావుగారూ, తాళంచెవి మీ నడుముకే ఉంది కదండీ. లోపలికి వెళ్ళక బయటెందుకు నిలబడ్డారు?"

చలపతిరావు చుట్టూ చూశాడు. సందునిండా కుర్రాళ్ళు. సాయిలు, లచ్చమ్మ. అందరూ సమాధానం కోసం చూస్తున్నారు. "లోపల టైల్సు కొత్తవి కదండీ... కమిటీ వస్తే..." అని గొణిగాడు.

సాయిలుకు నవ్వాగలేదు. "అయ్యా, గిదేనా మన నవ్వుల క్లబ్బు?" అన్నాడు.

చలపతిరావు ఒళ్ళంతా జివ్వుమంటోంది. కళ్ళలో చారు మంట. కడుక్కోవాలి. వేరే దారి లేక గుత్తి అందుకుని, తాళం తీసి లోపలికి దూరాడు. నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది. గాలి వచ్చింది. మళ్ళీ తిప్పాడు. ఇంకా పెద్ద గాలి వచ్చింది. రిబ్బను కత్తిరించే తొందరలో పైపు కలపడం ఎవరికీ గుర్తులేదు.

తలుపులోంచి తల బయటికి పెట్టి పైకి చూశాడు. "అమ్మా, కాస్త నీళ్ళు..."

"ఇందాక పోసినవి చాల్లేదాండీ?"

సందంతా భళ్ళున నవ్వింది. సత్యంగారే జాలిపడి మెట్లు దిగి బిందెడు నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చారు. చలపతిరావు తుడుచుకుని, ఎవరివంకా చూడకుండా, మడుగులోంచే టపటపా నడిచి ఇంటికి పోయాడు. ఆ తొందరలో తాళమూ, తాళంచెవులూ తలుపుకే వేలాడుతూ ఉండిపోయాయి.

నవీన ముందుకొచ్చి, గుత్తిలోంచి రెండో తాళంచెవి వెతికి, 'స్త్రీలు' అన్న తలుపు తీసింది. "అంకుల్, ఇంకో బిందె ఇస్తరా?" అంది. సత్యంగారు ఇంకో బిందె తెచ్చారు. ఆ తర్వాత కుర్రాళ్ళు పురుషుల తలుపు ముందు వరస కట్టారు. మూడోవాడు బయటికి వచ్చేసరికి లోపల అడుగు పెట్టే వీల్లేకుండా ఉందని నాలుగోవాడు వాంతి చేసుకుంటూ చెప్పాడు. ఐదోవాడు అయినా వెళ్ళాడు. సాయిలు చెప్పుల స్టాండు వదిలి చీపురు అందుకోక తప్పలేదు.

సత్యంగారు మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసరికి బాల్కనీలో కుర్చీ వేసుకుని కమలకుమారి కూర్చుని ఉంది. పక్కన ఖాళీ కుర్చీ. ఆయన కాఫీ కలుపుకొచ్చి, ఆవిడకో గ్లాసిచ్చి, కూర్చున్నారు. ఎదురుగా కానుగచెట్టు. కింద కొబ్బరినీళ్ళ పులుపు, అరటితొక్కల కుళ్ళు, వీటన్నిటి మీదుగా ఆ పాత ఘాటు. కాఫీ గొంతు దిగనంటోంది. ఆయన ముక్కు చిట్లించి, భార్యవంక చూశారు.

"తలుపు వేసేద్దామా కమలం? ఇవాళ్టికి చూశాం కదా."

"వెయ్యకండి."

"ఈ కంపులోనా?"

"కంపులోనే. లోపల కూర్చుంటే ఎవడొస్తున్నాడో ఎలా తెలుస్తుంది?" కమలకుమారి కాఫీ గుక్క మింగి, మొహం వికారంగా పెట్టి, ఇంకో గుక్క తాగింది. "ఆ బక్కెట్టు ఇలా తెచ్చి నింపి పెట్టండి." సత్యంగారు బక్కెట్టు తెచ్చి రెండు కుర్చీల మధ్యా పెట్టి, బిందెతో నీళ్ళు వంచసాగారు.

సందు మొదట్లో ఎవరో కుర్రాడు ప్యాంటు మీద చెయ్యేసుకుంటూ హడావిడిగా గోడవైపు వచ్చాడు. నీటి చప్పుడు విని తల పైకెత్తాడు. బాల్కనీలో ఇద్దరినీ, మధ్యలో నిండుతున్న బక్కెట్టునూ చూశాడు. గోడ వదిలి టాయ్‌లెట్ తలుపు వైపు తిరిగాడు.